నిమిషానికో సొమ్ము: ‘కల్టిస్ట్ సిమ్యులేటర్’లో భయం ఎక్కడ పుడుతుంది?

క్లుప్తంగా: 2018లో బ్రిటన్ నుంచి వెలువడిన ‘కల్టిస్ట్ సిమ్యులేటర్’ గుప్తవిద్యల చుట్టూ అల్లిన కథాప్రధానమైన కార్డుల వీడియో గేమ్. ఇందులో దయ్యాలు తెర మీదికి దూకవు, చీకటి గదుల్లో తిరగడం ఉండదు. ఒక బల్ల, కొన్ని కార్డులు, ఆగకుండా తిరిగే కొన్ని గడియారాలు మాత్రమే కనిపిస్తాయి. అయినా ఇది భయపెడుతుంది. ఆ భయం దేవతల నుంచి కాక ఇంటి ఖర్చుకూ తీరని మోహానికీ మధ్య జరిగే లెక్కల నుంచి పుడుతుందని ఆట నిర్మాణాన్ని విప్పి చూస్తే తెలుస్తుంది.

పేరు దగ్గరే మొదలయ్యే తికమక

‘కల్ట్’ అనే మాట తెలుగువారికి ఎక్కువగా సినిమాల ద్వారానే పరిచయం. విడుదలైనప్పుడు ఆడకపోయినా తర్వాత అభిమానులు నెత్తిన పెట్టుకున్న సినిమాను కల్ట్ సినిమా అనడం అలవాటై, అది మెచ్చుకోలు మాటగా స్థిరపడింది. ఈ ఆట పేరులో ఉన్న అర్థం అది కాదు. ఒక గురువు చుట్టూనో ఒక రహస్య సిద్ధాంతం చుట్టూనో గుమిగూడి, బయటి లోకం కంట పడకుండా నడిచే చిన్న బృందాన్ని ఇంగ్లీషులో కల్ట్ అంటారు. కల్టిస్ట్ అంటే అటువంటి బృందంలోని మనిషి. ఆడేవారు ఆ మనిషి బతుకును మొదటి రోజు కూలిపని నుంచి మొదలుపెట్టి, అనుచరులను పోగుచేసి, బృందాన్ని కట్టేదాకా నడుపుతారు.

రెండో తికమక ‘అకల్ట్’ అనే ఇంగ్లీషు మాటను తెలుగులో ఏమని చెప్పాలన్న దగ్గర వస్తుంది. క్షుద్రపూజలు, చేతబడి, బాణామతి అనే మాటలు వినగానే తెలుగు పాఠకులకు గుర్తొచ్చేది వినోదం కాదు. అనుమానంతో ఊరు ఊరంతా ఒక మనిషి మీద పడ్డ వార్తలు, ప్రాణాలు పోయిన ఘటనలు గుర్తొస్తాయి. ఆ మాటలను ఈ ఆటకు అంటగడితే ఆటకూ న్యాయం జరగదు, ఆ వార్తల్లోని బాధితులకూ జరగదు. ఈ ఆటలోని దేవతలు, గ్రంథాలు, క్రతువులు అన్నీ రచయితల కల్పన. ఇందులో ఎవరి ఆచారమూ నేర్పడం లేదు, ఎవరి ఆచారాన్నీ వెక్కిరించడం లేదు. కాబట్టి ‘గుప్తవిద్య’ అనే పాత మాటే దీనికి సరిగ్గా అతుకుతుంది.

మూడోది పేకాట. కార్డుల గేమ్ అనగానే రమ్మీ గుర్తురావడం సహజం. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టసవరణలతో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటికీ వర్తించే చట్టం చేసింది. ‘కల్టిస్ట్ సిమ్యులేటర్’కు ఆ కోవతో సంబంధం లేదు. ఇందులో ఎదుటి ఆటగాడు ఉండడు, పందెం ఉండదు, గెలిస్తే చేతికి రూపాయి రాదు. పుస్తకం కొన్నట్టు ఒకసారి కొనుక్కుని ఒంటరిగా ఆడుకునే ఆట ఇది.

బల్ల మీద ఏముంది

ఈ ఆటను వెదర్ ఫ్యాక్టరీ అనే చిన్న సంస్థ తయారుచేసింది. దాన్ని స్థాపించినవారు అలెక్సిస్ కెన్నెడీ, లాటీ బెవన్. కెన్నెడీ అంతకుముందు ఫెయిల్‌బెటర్ గేమ్స్‌ను స్థాపించి, 2009లో ‘ఫాలెన్ లండన్’ అనే అక్షరాల మీదే నడిచే ఆటను తెచ్చినవారు. ‘కల్టిస్ట్ సిమ్యులేటర్’ కోసం 2017లో కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైటు ద్వారా చందాలు అడిగితే కోరిన దానికి రెట్టింపు కంటే ఎక్కువ వచ్చింది. 2018 మే 31న కంప్యూటర్ల మీద, 2019 ఏప్రిల్‌లో ఫోన్ల మీద, 2021 ఫిబ్రవరిలో నింటెండో స్విచ్ మీద ఆట విడుదలైంది. బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టా గేమ్స్ అవార్డులలో 2019లో తొలి ఆట, వినూత్నత అనే రెండు విభాగాలలో నామినేషన్లు పొందింది.

ఆట మొదలుపెట్టగానే కనిపించేది ఖాళీ బల్ల. దాని మీద చతురస్రాకారపు బిళ్ల ఒకటి ఉంటుంది. ఆట ముందుకు సాగేకొద్దీ మరిన్ని బిళ్లలు వచ్చి చేరతాయి: పని చేయడం, చదవడం, కలగనడం, మాట్లాడటం, వెతకడం. ఇవి క్రియలు. వీటిలోని ఖాళీ గడుల్లో పెట్టే కార్డులు నామవాచకాలు. ఏ క్రియలో ఏ నామాన్ని పెడితే ఏ వాక్యం తయారవుతుందో చూడటమే ఆట. ఆటలోని ఇంగ్లీషు పేర్లను అర్థాన్ని బట్టి తెలుగులో చెప్పుకుంటే, ఆడేవారి చేతిలో మొదట ఉండే ముఖ్యమైన కార్డులు నాలుగు: ఆరోగ్యం, తపన, వివేకం, సొమ్ము.

ఆరోగ్యాన్ని పనిలో పెడితే కూలి దొరుకుతుంది, కానీ ఆ కార్డు కాసేపు అలసటగా మారి పనికిరాకుండా పోతుంది, ఒక్కోసారి గాయంగా మారుతుంది. తపనను పనిలో పెడితే బొమ్మలు వేసి అమ్ముకోవచ్చు, ఆ దారిలో పేరుతోపాటు అపకీర్తీ రావచ్చు. వివేకంతో గ్లోవర్ అండ్ గ్లోవర్ అనే ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం చేయవచ్చు. అదే ఆరోగ్యాన్ని పనిలో కాక చదువులో పెడితే ఒంటికి బలం పెంచుకునే దారి తెరుచుకుంటుంది. ఒకే కార్డు వేర్వేరు క్రియల్లో వేర్వేరు కథ చెబుతుంది. ప్రతి క్రియకూ ఒక గడియారం ఉంటుంది. అది పూర్తయ్యేదాకా లోపల పెట్టిన కార్డు బయటికి రాదు. చేతిలో ఉన్న ఆరోగ్యం ఒక్కటే అయితే, అది పనిలో ఉన్నంతసేపూ మరి దేనికీ దొరకదు.

కెన్నెడీ పాత ఆటలలో కథ చిన్న చిన్న తునకలుగా ఉండేది. ఆటగాడి ఖాతాలో ఏ గుణం ఎంత ఉందో దాన్ని బట్టి ఏ తునక తెరుచుకోవాలో నిర్ణయమయ్యేది. ఆ గుణాలు ఒక పక్కన జాబితాగా, అంకెలుగా కనిపించేవి. ‘కల్టిస్ట్ సిమ్యులేటర్’ చేసిన మార్పు పైకి చిన్నది, ఫలితంలో పెద్దది. ఆ అంకెలను ఖాతా నుంచి తీసి బల్ల మీద వస్తువులుగా పరిచింది. భయం ఒక వస్తువు, జ్ఞాపకం ఒక వస్తువు, స్నేహితుడు ఒక వస్తువు. వాటిని వేలితో జరపవచ్చు, వరుసగా పేర్చవచ్చు, ఒకదాన్ని మరొకదాని నోట్లో వేయవచ్చు. మనుషులను కూడా ఇలా జరపగలగడం తర్వాత తర్వాత ఆడేవారిని ఇబ్బంది పెట్టే విషయం అవుతుంది.

నిమిషానికో సొమ్ము

బల్ల మీది బిళ్లల్లో ఆడేవారి మాట వినని బిళ్ల ఒకటుంది. అది కాలం. దాని గడియారం అరవై సెకన్లకు ఒకసారి పూర్తవుతుంది. పూర్తయిన ప్రతిసారీ ఒక సొమ్ము కార్డును తనలోకి లాక్కుంటుంది. అద్దె, తిండి, బొగ్గు అన్నీ ఆ ఒక్క కార్డులో అడిగినట్టే. సొమ్ము లేకపోతే ఆకలి, ఆకలి వెంట ఆరోగ్యానికి చేటు, ఆరోగ్యం పూర్తిగా పోతే చావు. ఆటను ఆపి ఆలోచించుకునే వీలుంది కానీ కాలాన్ని వెనక్కి తిప్పే వీలు లేదు.

ఈ ఒక్క ఏర్పాటు మీదే ఆటలోని భయమంతా నిలబడి ఉంది. గుప్తవిద్యకు సంబంధించిన ప్రతి పనికీ సమయం కావాలి, చాలావాటికి సొమ్ము కావాలి. మోర్లండ్ దుకాణంలో పాత పుస్తకం కొనాలంటే డబ్బు పెట్టాలి. దాన్ని చదవాలంటే చదువు అనే క్రియను ఆ పుస్తకానికే అప్పగించాలి. చదివితే ఒక రహస్యజ్ఞానపు తునక దొరుకుతుంది. ఆ జ్ఞానం తొమ్మిది తత్త్వాలుగా పంచి ఉంటుంది: లాంతరు, కొలిమి, కత్తివాదర, శీతకాలం, గుండె, పానపాత్ర, శలభం, తలుపు తట్టడం, రహస్య చరిత్రలు. తక్కువ స్థాయి తునకలు రెండు కలిపితే పై స్థాయి తునక వస్తుంది. కలలో అడవిని దాటి మాన్సస్ అనే గోడలు లేని ఇంటి తలుపుల దాకా వెళ్లవచ్చు. ఇదంతా జరుగుతున్నంతసేపూ పక్కన గడియారం తిరుగుతూనే ఉంటుంది. తెల్ల తలుపు ముందు నిలబడిన మనిషికి ఇంట్లో రేపటి అద్దె లేదన్న సంగతి కూడా అదే క్షణంలో అదే బల్ల మీద కనిపిస్తుంది.

భయానక కథల్లో తరచూ ఒక సౌకర్యం ఉంటుంది. రహస్యాన్ని వెతికే మనిషికి ఆస్తి ఉంటుంది, తీరిక ఉంటుంది, పాత బంగళా ఉంటుంది. అతనికి కూరగాయల లెక్క ఉండదు. ఈ ఆట ఆ సౌకర్యాన్ని తీసేసింది. దానివల్ల ‘ఇంత ప్రమాదమని తెలిసీ మనిషి ఎందుకు మానుకోడు’ అన్న పాత ప్రశ్నకు కొత్త సమాధానం వచ్చింది. గుమాస్తా ఉద్యోగంలో రోజూ ఒకే పని, ఒకే జీతం. అశాంతి అనే కార్డు పేరుకుంటుంది, దాన్ని పట్టించుకోకపోతే భీతిగా మారుతుంది. మామూలు బతుకే మనిషిని నెమ్మదిగా తినేస్తుంటే, ఆ పక్కనే తెరిచి ఉన్న పుస్తకం తప్పించుకునే దారిలా కనిపిస్తుంది.

ఇక్కడ ఆట చేసిన మరో ఎన్నిక మరింత సూక్ష్మమైనది. మనసును చంపే కార్డులు ఇందులో రెండు రకాలు. ఒకటి భీతి, రెండోది మోహం. నిరాశ ఆవరించిన కాలంలో భీతి కార్డులు మూడు పోగైతే ఆట ముగుస్తుంది. దర్శనాలు వెంటాడే కాలంలో మోహం కార్డులు మూడు పోగైనా ఆట ముగుస్తుంది. ఒకదానిలో మనిషి బతకాలన్న కోరిక పోగొట్టుకుంటాడు, రెండోదానిలో వెలుగును చూస్తూ లోకాన్నే మరిచిపోతాడు. తృప్తి అనే కార్డు భీతిని కొంత తగ్గిస్తుంది, అది కూడా దొరికిన కాసేపటికే కరిగిపోతుంది. మన అలంకారశాస్త్రం భయానక రసాన్నీ అద్భుత రసాన్నీ విడివిడిగా చెప్పి, ఒకదానికి భయాన్ని, మరొకదానికి విస్మయాన్ని స్థాయీభావాలుగా చూపింది. ఈ ఆట ఆ రెండింటినీ పక్కపక్కనే పెట్టి, రెండూ మనిషిని ముంచగలవని లెక్క కట్టి చూపిస్తుంది. విస్మయాన్ని కూడా ప్రాణాంతకమైన సరుకుగా లెక్కలోకి తేవడం ఈ ఆట ప్రత్యేకత అనడంలో సందేహం అక్కర్లేదు.

మూడో ప్రమాదం చట్టం. రహస్య కార్యకలాపాలు అపకీర్తిని మిగులుస్తాయి. ఆ అపకీర్తి బల్ల మీద ఉండగా సప్రెషన్ బ్యూరో అనే ప్రభుత్వ విభాగం తరఫున వచ్చిన డిటెక్టివ్ దాన్ని సాక్ష్యంగా మార్చగలడు. సాక్ష్యం బలపడితే విచారణ, శిక్ష. డిటెక్టివ్‌ను అడ్డు తొలగించడానికి అనుచరులను పంపవచ్చు. వారు పట్టుబడవచ్చు, చనిపోవచ్చు. కొన్ని క్రతువులలో అనుచరుడినే గడిలో పెట్టి బలిచ్చే వీలుంది. మొదట పేరుతో పరిచయమై, మాటలు కలిపి, నమ్మి వచ్చిన మనిషి ఆ క్షణంలో ఒక కార్డు, ఒక అంకె. ఆట దీన్ని తప్పని చెప్పదు, సరేనని కూడా చెప్పదు. అద్దె కట్టిన చేత్తోనే ఆ కార్డునూ గడిలోకి జరపనిస్తుంది. కల్ట్ నడిపేవాడికి మనుషులు ఎప్పుడు వస్తువులవుతారో ఉపన్యాసం లేకుండా చూపించిన చోటు ఇదే.

చెప్పకపోవడమే పద్ధతి

కొత్తగా ఆడేవారిని ఎక్కువగా తికమకపెట్టేది ఆట నియమాలు చెప్పకపోవడం. ఇందులో శిక్షణ ఘట్టం లేదు. ఏ గడిలో ఏది పడుతుందో పెట్టి చూసుకోవాలి. మొదటి ఆటలో చాలామంది ఎందుకు చనిపోయారో కూడా అర్థం కాకుండానే చనిపోతారు. దీన్ని లోపమని కొట్టిపారేయడానికి ముందు గుప్తవిద్యా గ్రంథాల స్వభావాన్ని గుర్తుచేసుకోవాలి. రసవాదులు తమ పద్ధతులను పచ్చసింహం, నల్లకాకి వంటి సంకేతాల్లో దాచి రాసేవారు. అర్థమైనవాడికే అర్థం కావాలన్నది ఆ రచనల నియమం. ఆట అదే నియమాన్ని తన నిర్మాణానికి వర్తింపజేసింది. ఆడేవారికి తెలియనిదీ పాత్రకు తెలియనిదీ ఒకటే అవుతుంది. పాత్ర నేర్చుకున్నప్పుడే ఆడేవారూ నేర్చుకుంటారు.

కథ కూడా ఇలాగే తునకలుగా వస్తుంది. ‘గడియలు’ అని పిలిచే దేవతల గురించి ఏ అధ్యాయమూ వరుసగా చెప్పదు. ఒక పుస్తకం నుంచి రెండు వాక్యాలు, ఒక కల నుంచి ఒక వాక్యం, ఒక పనిముట్టు మీది వర్ణన నుంచి సగం వాక్యం దొరుకుతాయి. ఒక చోట పేరు, మరో చోట ఆ పేరు గలవాడి చావు తెలుస్తాయి. వాటిని కలుపుకోవడం ఆడేవారి పని. అక్షరాలు తక్కువగా ఉండి, వాటి మధ్య ఖాళీ ఎక్కువగా ఉండటం వల్ల కలిగే ఉత్కంఠను ఆట చివరిదాకా పొదుపుగా వాడుకుంటుంది.

ఓడిపోయినప్పుడు ఆట మొదటికి రాదు, పక్కకు జరుగుతుంది. ఒక బతుకు ముగిసిన తీరును బట్టి తర్వాతి బతుకుకు దారులు తెరుచుకుంటాయి. మతి చలించిన మనిషి ఉన్న ఆసుపత్రిలో వైద్యుడిగా మొదలుపెట్టవచ్చు, ముందటి బృందం కేసును తవ్వే డిటెక్టివ్‌గా మొదలుపెట్టవచ్చు, తండ్రి ఆస్తి దక్కిన యువకుడిగా మొదలుపెట్టవచ్చు. గత ఆటలో శత్రువుగా కనిపించిన వృత్తిలోకి ఆడేవారే వెళ్లి కూర్చోవడం, అక్కడినుంచి మళ్లీ అదే పుస్తకం వైపు లాగబడటం, ఈ కథలోని అంటువ్యాధి స్వభావాన్ని బాగా పట్టిస్తాయి.

కార్డులకు గుప్తవిద్య అంటుకున్న కథ

ఈ ఆటకు కార్డులే ఎందుకు? దీనికి చరిత్రలో సమాధానం ఉంది. ఇప్పుడు జోస్యానికి వాడే టారో కార్డులు 15వ శతాబ్దపు ఉత్తర ఇటలీలో మామూలు ఆట కోసం పుట్టినవి. వాటిలో జోస్యం కానీ రహస్యం కానీ అప్పటికి లేవు. 1781లో ఆంట్వాన్ కూర్ ద జెబలాన్ అనే ఫ్రెంచి పండితుడు ఇవి ప్రాచీన ఈజిప్టు విజ్ఞానాన్ని దాచుకున్న చిత్రాలని ప్రకటించాడు. ఆధారం లేకపోయినా ఆ మాట పాతుకుపోయింది. 1888లో లండన్‌లో గోల్డెన్ డాన్ అనే గుప్తవిద్యా సంఘం ఏర్పడింది. ఆ సంఘంలో సభ్యులైన ఎ.ఇ. వెయిట్ రూపకల్పనతో, పమేలా కోల్మన్ స్మిత్ గీసిన బొమ్మలతో 1909లో వచ్చిన టారో కట్టే ఈనాటికీ ప్రపంచమంతటా ఎక్కువగా వాడుకలో ఉంది. అంటే ఆట వస్తువు వందేళ్లలో పూజా వస్తువైంది. ‘కల్టిస్ట్ సిమ్యులేటర్’ దాన్ని మళ్లీ ఆట వస్తువుగా మార్చింది. వెదర్ ఫ్యాక్టరీ తర్వాత తన కల్పిత దేవతల బొమ్మలతో నిజమైన టారో కట్టను అచ్చువేయడంతో ఆ చక్రం మరో మెట్టు తిరిగింది.

కథాకాలంగా 1920ల వాతావరణాన్ని ఎంచుకోవడం వెనక కూడా కారణం కనిపిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో కొడుకులను పోగొట్టుకున్న బ్రిటిష్ కుటుంబాలు చనిపోయినవారితో మాట్లాడాలన్న ఆశతో ప్రేతాత్మల సభలకు వెళ్లిన కాలమది. 1882లోనే లండన్‌లో అతీంద్రియ విషయాల పరిశోధనకు సంఘం ఏర్పడింది. అదే ఏడాది థియోసాఫికల్ సొసైటీ అనే ఆధ్యాత్మిక సంస్థ తన కేంద్రాన్ని మద్రాసులోని అడయారుకు మార్చుకుంది. తెలుగు నేలకు ఈ చరిత్రతో ఉన్న నిజమైన ముడి అక్కడే పడింది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని 1909లో అడయారు సముద్రతీరాన చూసిన ఆ సొసైటీ ప్రముఖుడు సి.డబ్ల్యు. లెడ్‌బీటర్, ఆ పిల్లవాడి చుట్టూ అసాధారణమైన తేజస్సును తన దివ్యదృష్టితో చూశానని చెప్పుకున్నాడు. 1911లో ఆ పిల్లవాడిని కేంద్రంగా చేసుకుని ‘ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్’ అనే సంస్థ ఏర్పడింది. 1929 ఆగస్టులో నెదర్లాండ్స్‌లోని ఓమెన్‌లో, వేలమంది అనుచరుల ఎదుట, కృష్ణమూర్తి స్వయంగా ఆ సంస్థను రద్దుచేశారు. బృందం పెంచడమే పనిగా సాగే ఆటను అర్థం చేసుకునేటప్పుడు, అదే దశాబ్దంలో ఒక తెలుగువాడు తన కోసం కట్టిన బృందాన్ని తానే విప్పేశాడన్న సంగతిని పక్కన పెట్టుకుని చూడటం ఉపయోగకరం.

ఆటలోకి నేరుగా వచ్చిన భారతీయ ఛాయ మరొకటి ఉంది. రహస్యగ్రంథాలు చదవాలంటే పాత్ర భాషలు నేర్చుకోవాలి. లాటిన్, గ్రీకు, అరమాయిక్‌లతోపాటు ఆ జాబితాలో సంస్కృతం ఉంది. వీటికి తోడు రచయితలు చేర్చిన మరింత పురాతన భాషలలో ఒకదాని పేరు ‘వాక్’. రుగ్వేదం పదో మండలంలో వాగ్దేవి తన గురించి తానే చెప్పుకునే సూక్తం తెలిసినవారికి ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

‘ఇన్‌స్క్రిప్షన్’తో పోలిక

గుప్తవిద్య, భయం, కార్డులు అనే మూడు మాటలు కలిపితే మరో ఆట పేరు కూడా తప్పకుండా వస్తుంది. అది డేనియల్ మలిన్స్ రూపొందించి 2021 అక్టోబరు 19న విడుదల చేసిన ‘ఇన్‌స్క్రిప్షన్’. 2018 డిసెంబరులో జరిగిన లూడమ్ డేర్ అనే, తక్కువ గడువులో ఆటలు తయారుచేసే పోటీ కోసం బలి అనే అంశం మీద చేసిన చిన్న ఆట నుంచి ఇది పెరిగింది. 2022లో స్వతంత్ర ఆటల పండుగ మహా బహుమతినీ, గేమ్ డెవలపర్స్ చాయిస్ అవార్డులలో ఆ ఏటి మేటి ఆట పురస్కారాన్నీ రెండింటినీ గెలిచింది.

రెండు ఆటల్లోనూ బలి ఉంది కానీ అది పనిచేసే తీరు వేరు. ‘ఇన్‌స్క్రిప్షన్’లో చీకటి గుడిసెలో బల్లకు అవతల కళ్లు మాత్రమే కనిపించే ఒక మనిషి కూర్చుని ఉంటాడు. ఊరికే దొరికే ఉడుత కార్డులను బలిస్తే తోడేలు వంటి పెద్ద కార్డును దించవచ్చు. దెబ్బలను త్రాసులో తూస్తారు. త్రాసు మొగ్గడానికి ఇంకొంచెం బరువు కావాలంటే పట్టకారుతో సొంత పన్ను పీకి అందులో వేయవచ్చు. కొన్ని కార్డులు మాట్లాడతాయి, బలివ్వబోతే గొణుగుతాయి. ఓడిపోయినవాడిని ఫోటో తీసి కార్డుగా మార్చేస్తారు, ఆ కార్డు తర్వాతి ఆటలో చేతికి వస్తుంది.

అక్కడ భయానికి ముఖం ఉంది. అది ఎదురుగా కూర్చుని ఉంటుంది, దానితో పోరాడవచ్చు, బల్ల దగ్గరనుంచి లేచి గదిలో తాళాలు వెతకవచ్చు. ‘కల్టిస్ట్ సిమ్యులేటర్’లో బల్లకు అవతల ఎవరూ లేరు. తప్పు జరిగితే తిట్టుకోవడానికి ప్రత్యర్థి దొరకడు, ప్రతి కార్డునూ పెట్టింది ఆడేవారి చెయ్యే. మొదటి గంటలో ‘ఇన్‌స్క్రిప్షన్’ ఎక్కువ భయపెడుతుందని ఒప్పుకోవాలి. పదో గంటకు వచ్చేసరికి ఆ ముఖం అలవాటైపోతుంది, ఖాళీ కుర్చీ మాత్రం అలవాటు కాదు.

భారం ఎక్కడ పడుతుంది

ఈ పద్ధతికి మూల్యం ఉంది. సొమ్ము సంపాదించే చక్రం ఒకసారి అర్థమయ్యాక అది భయపెట్టడం మానేసి విసుగు పుట్టిస్తుంది. అదే కార్డును అదే గడిలో వందసార్లు పెట్టడం బతుకులోని విసుగును చూపడానికే అని సమర్థించవచ్చు, కానీ కొంతసేపటి తర్వాత ఆ సమర్థన నిలవదు. ఆట చివరి భాగంలో బల్ల నిండా కార్డులు పరుచుకుని, కావలసినదాన్ని వెతకడమే పెద్ద పని అవుతుంది. పది గంటలు కట్టుకున్నది ఒక్క పొరపాటుతో కూలిపోవడం, మళ్లీ మొదటినుంచి అవే మెట్లు ఎక్కడం అందరి ఓపికకూ సరిపడవు. ఫోను తెర మీద చిన్న అక్షరాలతో చదవడం ఇంకా కష్టం.

తెలుగు పాఠకులకు భాష మరో అడ్డు. ఆట అధికారికంగా తెలుగులో లేదు. ఇంగ్లీషు కూడా వాడుక ఇంగ్లీషు కాదు, పాత ఛాయలతో, ద్వంద్వార్థాలతో నిండిన కవితాభాష. పనికొచ్చే సమాచారమూ వర్ణనా ఒకే వాక్యంలో కలిసిపోయి ఉంటాయి కాబట్టి, వాక్యంలోని సూచన పట్టుకోలేనివారు కథనూ ఆటనూ రెండింటినీ పోగొట్టుకుంటారు. ఆటలోని పాఠ్యం మామూలు ఫైళ్లలో ఉండటం, ఆడేవారు తమ సొంత చేర్పులు చేసుకునే వీలుండటం వల్ల అనువాదం సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. అసలు కష్టం కార్డుల పేర్ల దగ్గరుంది. ఒకే ఇంగ్లీషు మాట ఒకచోట దేవతగా, ఒకచోట గుణంగా, ఒకచోట పనిముట్టుగా నడుస్తుంది. ‘తలుపు తట్టడం’ అనే తత్త్వాన్ని ఒక్క మాటలో, అన్నిచోట్లా ఇమిడేలా చెప్పడం తెలుగు అనువాదకుడికి నెలల పని.

గడియారం తీసేస్తే

ఈ విశ్లేషణ సరైనదో కాదో పరీక్షించడానికి వెదర్ ఫ్యాక్టరీ తనకు తెలియకుండానే ఒక అవకాశం ఇచ్చింది. 2023 ఆగస్టు 17న అదే సంస్థ ‘బుక్ ఆఫ్ అవర్స్’ అనే ఆటను విడుదల చేసింది. ప్రపంచం అదే, దేవతలు అవే, తత్త్వాలు చాలావరకు అవే, పుస్తకాలు అంతే ప్రమాదకరమైనవి. ఆడేవారు ఇంగ్లండ్ సముద్రతీరంలో పాడుబడిన ఒక పెద్ద గ్రంథాలయానికి లైబ్రేరియన్. గదులు ఒక్కొక్కటే తెరవడం, పుస్తకాలను అరల్లో సర్దడం, వచ్చిన అతిథికి కావలసిన గ్రంథం వెతికి ఇవ్వడం ఇందులోని పని.

ఇక్కడ కూడా కాలం తిరుగుతుంది, రోజులు మారతాయి, ఋతువులు మారతాయి. కానీ ఆ గడియారం నిమిషానికో సొమ్మును నోట్లో వేసుకోదు. ఆకలితో చనిపోవడం లేదు, భీతి మూడు కార్డులై మీద పడటం లేదు, ఓటమి అనేదే లేదు. పాత ఆటలో మనిషిని మతి చలించేలా చేసిన రహస్యాలే ఇక్కడ సాయంకాలం దీపం పెట్టుకుని చదువుకునే విషయాలవుతాయి. ఆడినవారిలో ఎక్కువమంది దీన్ని భయంకరమైనదిగా కాక ప్రశాంతమైనదిగా చెప్పుకుంటారు. అద్దె అడిగే బిళ్ల ఒక్కటి బల్ల మీది నుంచి తీసేసేసరికి, అవే దేవతలు, అవే గ్రంథాలు ఎవరినీ భయపెట్టకుండా అరల్లో కూర్చున్నాయి.